రామదాసుకు కబీరు ఎలా కలిశాడు? సాధుసంతుల కథల్లో కల్పన చేసే పని

శ్రీరామనవమి పందిట్లో రామదాసు హరికథ విన్నవాళ్లకు ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. గోపన్న ఇంట సంతర్పణ జరుగుతుంటుంది. ఆడుకుంటూ వెళ్లిన పసివాడు గంజి గుంటలో పడి ప్రాణం విడుస్తాడు. అప్పుడు కబీరుదాసు వచ్చి రామనామంతో బిడ్డను లేపుతాడు. గోపన్నకు తారకమంత్రం ఉపదేశించిన గురువు కూడా ఆయనే. మా ఊరి పందిట్లో ఆ చోటికి వచ్చేసరికి దాసుగారు చిడతలు ఆపేసేవారు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. పిల్లలం పానకం గ్లాసులు పక్కన పెట్టేసి నోరు తెరుచుకుని చూసేవాళ్లం.

చాలా ఏళ్లకు తేదీలు పక్కపక్కన పెట్టి చూశాక నాలో టెన్షన్ మొదలైంది. కబీరు 15వ శతాబ్దపు కాశీ మనిషి. ఎంత ఆలస్యంగా లెక్కవేసినా 1518 నాటికి ఆయన లేడు. కంచెర్ల గోపన్నను గోల్కొండ కోటలో ఖైదు చేయించిన తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్‌షా, గద్దెనెక్కింది 1672లో. నడుమ 150 ఏళ్లకు పైనే ఉంది. ఈ ఇద్దరూ ఎదురెదురు కూర్చుని మాట్లాడుకునే వీలు లేదు. అయినా హరికథల్లో కబీరు ఉన్నాడు, 2006లో వచ్చిన రామదాసు సినిమాలోనూ ఉన్నాడు. చూసిన ఎవరికీ ఆయన అక్కడ పరాయివాడిలా అనిపించలేదు.

మహాత్ముల మీద సినిమా వచ్చినప్పుడల్లా ఇదే గొడవ లేస్తుంది. చరిత్రను వక్రీకరించారని ఒకరంటే, అసలు జరిగిందేమిటో ఎవరు చూశారని ఇంకొకరు అడుగుతారు. మనోభావాల మాట వస్తుంది, కొన్నిసార్లు కేసులూ పడతాయి. ఈ గొడవలో ‘కల్పన’ అనే మాటకు అందరూ ఒకే అర్థం ఇస్తున్నారు: అబద్ధం. నిజానికి సాధుసంతుల కథల్లోకి కల్పన చాలా దారుల్లో వచ్చింది. ఒక్కో దారికి ఒక్కో కారణం ఉంది. ఏది ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా వచ్చిందో విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

‘చరిత్ర’ అనే మాట దగ్గరే మొదలైన తికమక

ముందు ఒక మాట సంగతి తేల్చుకోవాలి. ‘చరిత్ర’ అనగానే ఇవాళ మనకు తేదీలు, శాసనాలు, రాజులు గుర్తొస్తారు. పాత తెలుగులో ఆ మాటకు అర్థం వేరు. నడవడి, నడత, ఒక మనిషి నడిచిన తీరు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ అని పేరు పెట్టినప్పుడు, ఆధారాలతో నిరూపించిన జీవిత వివరం ఇస్తానని ఆయన మాట ఇవ్వలేదు. ఒక భక్తుడి నడతను, అది వినేవాడి మనసును పట్టుకునేలా పాడతానన్నాడు. ఆయనే రాసిన బసవపురాణం నిండా మహిమలు ఉన్నాయంటే కారణం అదే.

ఐరోపాలో దీనికి అద్దంలో బొమ్మ లాంటి కథ జరిగింది. ‘లెజెండ్’ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘లెజెండా’. దాని అర్థం ‘చదవవలసినది’ అని మాత్రమే. పండగ రోజున చర్చిలోనో మఠంలోనో చదివే పునీతుల, అంటే క్రైస్తవ సాధువుల, జీవితాలకు ఆ పేరు. 13వ శతాబ్దంలో యాకోబస్ డి వొరాజినే అనే ఇటలీ గురువు కూర్చిన ‘బంగారు లెజెండా’ ఐరోపా అంతా పాకింది. పునీత జార్జి డ్రాగన్‌ను చంపిన కథకు అంత పేరొచ్చింది దీనివల్లే.

తర్వాతి శతాబ్దాల్లో రెండు మాటలూ చెరో దిక్కుకు నడిచాయి. చదవవలసినది కాస్తా కట్టుకథ అయింది. నడత అనే మాట కాస్తా రుజువైన గతం అయింది. అందుకే ‘అన్నమాచార్య చరిత్రము’ అన్న పేరు చూసి ఇవాళ్టి పాఠకుడు శాసనాల్లాంటి నిజాన్ని ఆశిస్తాడు. ఆ పుస్తకం ఇస్తానన్నది వేరు, మనం అడుగుతున్నది వేరు.

బుద్ధుడు క్రైస్తవ పునీతుడైన దారి

కల్పన అంటే ఎవరో కూర్చుని కావాలని అల్లినది అనుకునేవాళ్లకు నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది. మధ్యయుగపు ఐరోపాలో బర్లాం, జోసఫత్ అని ఇద్దరు పునీతులు ఉండేవారు. కథ ఇలా సాగుతుంది. భారతదేశంలో ఒక రాజు. కొడుకు పుట్టగానే జ్యోతిష్కుడు జోస్యం చెబుతాడు: ఈ బిడ్డ నీ రాజ్యానికి కాదు, క్రీస్తు మతానికి దక్కుతాడని. రాజు భయపడి కొడుకును ఒక భవనంలో పెట్టి, దుఃఖం అనేది కంటపడకుండా పెంచుతాడు. రాకుమారుడు ఒకసారి బయటికి వచ్చి రోగిని, గుడ్డివాణ్ణి, ముసలివాణ్ణి చూస్తాడు. చావు గురించి వింటాడు. మనసు నిలవదు. రత్నాల వర్తకుడి వేషంలో వచ్చిన బర్లాం అనే సన్యాసి అతనికి బోధ చేస్తాడు. చివరికి రాకుమారుడు సింహాసనం విడిచి అడవికి వెళ్లిపోతాడు.

ఇది ఎవరి కథో తెలుగు పాఠకుడికి విడమర్చి చెప్పనక్కర్లేదు. కపిలవస్తు నుంచి రోమ్ దాకా ఇది ఎలా నడిచిందన్నదే అసలు విషయం. ఆ ఆనవాళ్లు పేరులోనే ఉన్నాయి. సంస్కృతంలోని ‘బోధిసత్వ’ అరబ్బీ రాతలో ‘బూదాసఫ్’ అయింది. అరబ్బీ లిపిలో మాట మొదట వచ్చే ‘బ’కు కింద ఒక చుక్క, ‘య’కు కింద రెండు చుక్కలు. మిగతా రూపం ఒకటే. రాసేవాడి కలం పొరపాటున ఒక చుక్క ఎక్కువ పడింది, బూదాసఫ్ ‘యూదాసఫ్’ అయ్యాడు. జార్జియా భాషలో అది ‘ఇయోదసఫ్’, గ్రీకులో ‘ఇయోఅసఫ్’, లాటిన్‌కు వచ్చేసరికి ‘జోసఫత్’. బైబిల్లో ఆ పేరుతో ఒక రాజు ముందే ఉన్నాడు కాబట్టి పేరు వినేవాళ్లకు కొత్తగా కూడా అనిపించలేదు.

గ్రీకు రూపాన్ని చాలా కాలం డమాస్కస్ యోహాను అనే క్రైస్తవ సన్యాసి రాశాడనుకున్నారు. జార్జియా నుంచి వచ్చి ఆథోస్ కొండ మీద మఠంలో ఉన్న యుథిమియస్ అనే సన్యాసి చేశాడని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆయన 1028లో చనిపోయాడు. అక్కడి నుంచి కథ లాటిన్‌కు, లాటిన్ నుంచి దాదాపు ఐరోపా భాషలన్నిటికీ వెళ్లింది. పాత రోమన్ పునీతుల పట్టికల్లో వారి స్మరణదినం నవంబరు 27గా ఉండేది. 1571లో వెనిస్ పాలకుడు పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కు జోసఫత్ ఎముక అని ఒకదాన్ని కానుకగా పంపాడు. కథ ఎంత గట్టిపడితే దానికి ఎముక కూడా పుడుతుందో చూడండి.

దారిలో ఈ కథ ఇంకొన్ని మన కథలను వెంట తీసుకెళ్లింది. మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పే కథ ఒకటుంది. ఒక మనిషి పాడుబావిలో తీగ పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంటాడు. పైన ఏనుగు, కింద పాము. తెల్ల ఎలుకలు, నల్ల ఎలుకలు పగలూ రాత్రీ లాగా వేరు కొరుకుతుంటాయి. అతను మాత్రం పై నుంచి కారే తేనె చుక్కల కోసం నాలుక చాపుతాడు. బర్లాం తన శిష్యుడికి చెప్పే కథల్లో ఇదీ ఉంది, ఏనుగు బదులు ఒంటికొమ్ము జంతువు. ఇటలీలోని పార్మా నగరంలో జ్ఞానస్నాన మందిరం ద్వారం మీద ఈ దృశ్యాన్ని 1200 ప్రాంతంలో రాతిలో చెక్కారు. చెట్టు, దానిమీద మనిషి, కింద వేరు కొరికే జంతువులు. చెక్కిన శిల్పికి విదురుడి పేరు తెలిసే అవకాశమే లేదు.

17వ శతాబ్దపు తొలి ఏళ్లలో గోవాలో ఉన్న పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దు కూతో రెండు కథల పోలికను గుర్తించాడు. కాకపోతే బౌద్ధులే జోసఫత్ కథను తీసుకున్నారని అనుకున్నాడు. అసలు దిశ ఏదో 19వ శతాబ్దంలో గానీ తేలలేదు.

మరి ఇందులో అబద్ధం ఆడింది ఎవరు? చుక్క తప్పు పెట్టిన లేఖకుడా? తన మతానికి పనికొచ్చే మంచి కథ దొరికిందని తర్జుమా చేసిన సన్యాసా? ప్రతి ఒక్కరూ తమకు అందినదాన్ని నమ్మి, తమవాళ్లకు అర్థమయ్యేలా చెప్పారు. పేరు, మతం, ముగింపు మారిపోయాయి. బుద్ధుడు ఏం బోధించాడన్నది పూర్తిగా జారిపోయింది. మూసిన భవనం, ముసలితనం కంటపడటం, సింహాసనం వదలడం మాత్రం వెయ్యేళ్ల ప్రయాణం తట్టుకుని నిలిచాయి. జనం గుండెలో నాటుకున్నది ఆ ఎముకల గూడే అని నాకనిపిస్తుంది.

ముంగిస కథ, ఫ్రాన్సు వేటకుక్క

ఇంతకంటే విచిత్రమైన ప్రయాణం ఇంకొకటుంది. పంచతంత్రంలో ముంగిస కథ మన పిల్లలందరికీ తెలుసు. ఉయ్యాల్లో బిడ్డను కాటేయబోయిన పామును పెంపుడు ముంగిస చంపుతుంది. నెత్తుటి మూతితో ఎదురొచ్చిన దాన్ని చూసి, బిడ్డను చంపిందనుకుని తల్లి దాన్ని కొట్టి చంపుతుంది. లోపలికి వెళ్లి చూస్తే బిడ్డ నవ్వుతూ ఉంటాడు.

1250 ప్రాంతంలో ఎటియెన్ డి బూర్బోన్ అనే క్రైస్తవ సన్యాసి ఫ్రాన్సులోని లియోన్ దగ్గరి పల్లెల్లో ప్రసంగిస్తూ తిరిగాడు. ఆడవాళ్లు జబ్బు పిల్లలను ఒక తోపులోకి తీసుకెళ్లి ‘పునీత గినెఫోర్’కు మొక్కుకుంటున్నారని విన్నాడు. ఆ గినెఫోర్ ఎవరని ఆరా తీస్తే, ఒక వేటకుక్క! కథ అచ్చం మన ముంగిస కథే, ముంగిస చోట కుక్క, బ్రాహ్మణుడి ఇంటి చోట ఒక దొర కోట. ఈ కథా రూపం తూర్పు నుంచి పడమటికి నడిచిందని జానపద పరిశోధకులు చెబుతారు. సన్యాసి కుక్క ఎముకలు తవ్వించి కాల్పించాడు, తోపు నరికించాడు. అయినా ఆ మొక్కులు 19వ శతాబ్దం దాకా ఆగలేదు.

ఈ ఉదాహరణ విని చాలామంది నవ్వుతారు. నాకు నవ్వు రాదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని వెళ్లిన ఆ తల్లికి, నిర్దోషిగా చచ్చిపోయి కూడా పసిబిడ్డను కాపాడిన ప్రాణి కంటే దగ్గరి దేవుడు ఎవరు? ఆమె అవసరమే ఆ కథను పునీతుణ్ణి చేసింది.

పునీతుల పట్టికను సరిచేసే పని చర్చి కూడా చేసింది. 1969లో కథోలిక క్యాలెండర్‌ను సవరించినప్పుడు, చారిత్రక ఆధారం బలహీనంగా ఉందని కొన్ని పండగలను అందరూ తప్పనిసరిగా జరపాల్సిన జాబితా నుంచి తీసేశారు. బాల యేసును భుజం మీద ఎక్కించుకుని ఏరు దాటించిన క్రిస్టఫర్ వాటిలో ఒకడు. ఆయన పునీతత్వాన్నే రద్దు చేశారని జనం అనుకున్నారు కానీ అది నిజం కాదు. డ్రైవర్లు ఆయన బిళ్లను ఇప్పటికీ బండిలో పెట్టుకుంటారు.

ఒక్క మాట నుంచి సంగీత నాటకం దాకా: నందనార్

కథ ప్రయాణించినప్పుడు మారడం సరే. ఒకే ఊళ్లో, ఒకే భాషలో, ఒకే భక్తుడి కథ ఎలా పెరుగుతుందో చూడాలంటే తమిళ శివభక్తులైన నాయనార్లలో తిరునాళైప్పోవార్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆయననే నందనార్ అంటారు. ‘తిరునాళైప్పోవార్’ అంటే ‘రేపు పోతాను’ అనేవాడు. చిదంబరం వెళ్లి నటరాజును చూడాలని రోజూ అనుకుంటాడు, అంటరాని కులంలో పుట్టినవాడు కాబట్టి వెళ్లలేడు, రేపు పోతానంటాడు.

మొదటి పొరలో తమిళ శైవకవి సుందరర్ పాడిన భక్తుల జాబితా ఉంది. అందులో ఈయన గురించి ఒక్క మాటే: తిరునాళైప్పోవార్‌కు నేను దాసుణ్ణి అని. అంతే. తర్వాత నంబియాండార్ నంబి ఒక పద్యం ఇచ్చాడు. ఊరు ఆదనూరు, పుట్టుక పులైయ కులం, తిల్లై (చిదంబరం) మూడువేల మంది బ్రాహ్మణులు ఈయనకు మొక్కారు అని. 12వ శతాబ్దంలో సేక్కిళార్ నాయనార్ల కథలు చెప్పే పెరియపురాణంలో దాన్ని 37 పద్యాల కథ చేశాడు. గుడి డప్పులకు తోలు, వీణకు తంత్రులు, పూజకు గోరోచనం ఇచ్చే నందనార్ ఇక్కడ కనిపిస్తాడు. తిరుప్పుంగూరులో బయట నిలబడి లింగాన్ని చూడలేక తపిస్తే, శివుడు అడ్డంగా ఉన్న నందిని పక్కకు జరగమంటాడు. చివరికి చిదంబరంలో శివుడు కలలో చెప్పిన ప్రకారం నందనార్ అగ్నిలో దిగుతాడు, జంధ్యంతో, జడలతో మునిగా బయటికి వస్తాడు, గుడిలోకి నడిచి మాయమవుతాడు.

గమనించండి, ఇంతవరకూ కథలో విలన్ లేడు. నందనార్‌ను ఆపింది ఒక కట్టుబాటు. ఒక మనిషి కాదు.

1860ల్లో గోపాలకృష్ణ భారతి సంగీత కథగా ‘నందనార్ చరిత్రం’ రాశాడు. అందులో ఒక కొత్త మనిషి వచ్చాడు. నందనార్‌ను పొలంలో పాలేరుగా పెట్టుకున్న బ్రాహ్మణ భూస్వామి. చిదంబరం పోతానంటే తిడతాడు. 40 ‘వేలి’ల (తమిళనాట పొలం కొలత) కోతలు పూర్తిచేసి పొమ్మంటాడు. రాత్రికి రాత్రి శివగణాలు ఆ పని చేసి పెడతాయి. పొద్దున్నే పొలం చూసిన భూస్వామి వచ్చి పాలేరు కాళ్ల మీద పడతాడు. సేక్కిళార్‌లో ఈ భూస్వామి లేడు, ఈ కోతలు లేవు. కానీ తర్వాతి కచేరీలు, నాటకాలు, 1935లోనూ 1942లోనూ వచ్చిన సినిమాలు నందనార్ కథ అంటే ఇదే అన్నంతగా జనంలో నాటాయి.

పాత గ్రంథంలో లేదు కాబట్టి ఇది కల్పన. అందులో అనుమానం లేదు. అయితే 19వ శతాబ్దపు తంజావూరు సీమలో పాలేరు బతుకు ఎలా ఉండేదంటే, పురాణం కంటే ఈ కల్పనే దానికి దగ్గర. సెలవు అడిగితే తిట్టడం, ఎప్పటికీ తీరని పని అప్పగించడం, ఇవి గోపాలకృష్ణ భారతి చుట్టూ రోజూ జరిగేవే. స్వయంగా బ్రాహ్మణుడైన ఆయన వాటిని పాటలో పెట్టాడు. చేర్చిన భాగమే కథలో ఎక్కువ వాస్తవమైన భాగం కావడం చూసినప్పుడు, ‘కల్పన అంటే అబద్ధం’ అన్న లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

ఆ మంట సంగతి వేరు. భక్తుడికి అది మహిమ. భగవంతుడే పిలిచి, అగ్నిసాక్షిగా లోకం ముందు తన భక్తుణ్ణి నిలబెట్టాడు. కుల నిర్మూలన వైపు నుంచి చదివేవాళ్లు వేరే ప్రశ్న అడుగుతారు. గుడిలోకి రావాలంటే నందనార్ నందనార్‌గా ఎందుకు రాకూడదు? కాలి, జంధ్యంతో బయటికి వస్తేనే ఎందుకు? ఒక మనిషిని నిజంగానే కాల్చేసి, దాన్ని మహిమగా కప్పిపెట్టి ఉంటారా అని అడిగేవాళ్లూ ఉన్నారు. దానికి ఆధారం దొరకదు. కానీ ప్రశ్న అడగడానికి కావలసిన బాధ కథలోనే ఉంది. తిరుప్పుంగూరు వెళ్లినవాళ్లకు నంది ఇప్పటికీ పక్కకు జరిగి కనిపిస్తుంది. జరిగింది నందే, గుడి కట్టుబాటు కాదని ఆ రాయిని చూస్తే గుర్తొస్తుంది.

రాగిరేకు మీద ఒకే వాక్యంలో తేదీ, దర్శనం

మరి ఆధారాలు గట్టిగా ఉన్న మహాత్ముల సంగతేమిటి? అక్కడైనా కల్పనను గీకేస్తే కింద శుద్ధమైన చరిత్ర మిగులుతుందా? తాళ్లపాక అన్నమయ్య దీనికి జవాబు.

అన్నమయ్య కీర్తనలు తిరుమల గుడిలోని అరలో రాగిరేకుల మీద దొరికాయి. ఒక రేకు మీద చెక్కిన మాటల సారం ఇది: శకవర్షం 1346 క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులు అవతరించిన పదహారేళ్లకు, తిరువేంగళనాథుడు ప్రత్యక్షమైతే, అది మొదలు శకవర్షం 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన చేసిన ఆధ్యాత్మ సంకీర్తనలు ఇవి. మన లెక్కలో 1424 నుంచి 1503. ఏ చరిత్రకారుడైనా కళ్లకద్దుకునే ఆధారం. సంవత్సరం పేరుంది, తిథి ఉంది.

ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. తేదీకీ తేదీకీ నడుమ ‘ప్రత్యక్షమైతేను’ అని ఉంది. రేకు చెక్కించినవాళ్లకు దేవుడు కనిపించడం, ఫాల్గుణ ద్వాదశి రావడం రెండూ ఒకే రకం సంగతులు. రెండిటి మధ్య గీత గీసేది మనమే. గీయకూడదని కాదు. గీత మనదని తెలిసి ఉండాలి.

అన్నమయ్య మనుమడు చినతిరువేంగళనాథుడు, అంటే చిన్నన్న, ద్విపదలో తాత జీవితం రాశాడు. దాన్ని 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రి వెలుగులోకి తెచ్చారు. సాళువ నరసింహరాయలు తన మీద కూడా ఒక పదం పాడమంటాడు. అన్నమయ్య చెవులు మూసుకుంటాడు. రాజు సంకెళ్లు వేయిస్తాడు. స్వామిని పాడగానే సంకెళ్లు ఊడిపోతాయి. రాసింది ఎన్నో వందల ఏళ్ల తర్వాతి పరాయి మనిషి కాదు, సొంత మనుమడు. కాలం దగ్గరైతే మహిమలు తగ్గుతాయన్న ఊహ ఇక్కడ నిలబడదు.

సంకెళ్లు ఊడటం ఒక్క తిరుమల కథే కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యాల గ్రంథంలో చెరసాలలో ఉన్న పేతురు చేతుల సంకెళ్లు దేవదూత రాగానే ఊడిపడతాయి. చిన్నన్న బైబిల్ చూసి రాయలేదు. రాజు కంటే పెద్ద యజమాని ఒకడున్నాడని చెప్పాలంటే, రాజు చేతిలో ఉన్న అతి పెద్ద బలాన్ని, అంటే సంకెలను, ఊడగొట్టడం కంటే సూటైన దారి ఏ భాషలోనూ లేదు.

వేమన విషయంలో దారి తిరగబడింది. అన్నమయ్యకు జీవితం రాసినవాళ్లున్నారు, వేమనకు లేరు. పద్యాలే ఉన్నాయి. 1829లో బ్రౌన్ అచ్చు వేయించేనాటికే అవి ఊరూరా నోళ్లలో నానుతున్నాయి. కొన్ని పద్యాల్లో వేశ్యల మాట, కొన్నిటిలో బంగారం చేసే రసవాదం మాట, కొన్నిటిలో వైరాగ్యం. జనం వాటిని వరసలో పెట్టి ఒక జీవితం తయారుచేశారు: ముందు వేశ్యాలోలుడు, తర్వాత రసవాది, చివర యోగి. పద్యంలో ‘నేను’ అన్న ప్రతి మాటనూ ఆత్మకథగా చదివితే ఇలాగే అవుతుంది. ఆ వరస వేమన బతికిన వరస కావచ్చు, మనం అమర్చిన వరసా కావచ్చు.

ఇద్దరు మహాత్ములను కలిపే కథలు

ఇప్పుడు కబీరు దగ్గరికి రావచ్చు. వేర్వేరు కాలాల, వేర్వేరు దారుల మహాత్ములను ఒక చోట కూర్చోబెట్టడం ప్రపంచమంతా ఉన్న అలవాటు. సూఫీ ఔలియాల, అంటే సూఫీ మహాత్ముల, జీవితాలు పర్షియన్‌లో కూర్చిన అత్తార్, బస్రా పట్టణపు రబియా గురించి ఇలా చెబుతాడు. ఇబ్రాహీం ఇబ్న్ అధం అనే మహాత్ముడు అడుగడుగునా నమాజు చేస్తూ 14 ఏళ్లు నడిచి మక్కా చేరతాడు. తీరా చూస్తే కాబా అక్కడ లేదు. రబియాకు ఎదురెళ్లి స్వాగతం పలకడానికి వెళ్లిందట! రబియా చనిపోయింది 801లో, అత్తార్ ఆమెకు దాదాపు 400 ఏళ్ల తర్వాతివాడు. ఆ కథ భేటీ వివరం కోసం పుట్టలేదు. నియమంగా నడిచే భక్తి గొప్పదా, ప్రేమతో కరిగిపోయే భక్తి గొప్పదా అన్న చర్చకు అది ఒక రూపం. రెండు వాదాలకు ఇద్దరు మనుషుల పేర్లు పెట్టారు, అంతే.

రామదాసు పక్కన కబీరు కూడా అలాంటి వాదమే అని నాకు తోస్తుంది. గోపన్న ఒక ముస్లిం రాజు చెరసాలలో ఉన్న రామభక్తుడు. కథ అక్కడితో ఆగితే అది రెండు మతాల కొట్లాట అవుతుంది. రామమంత్రం ఇచ్చిన గురువే ముస్లిం సాలె ఇంట పెరిగినవాడు అనగానే కథ దారి మారిపోతుంది. వచ్చింది కబీరు కాదు, కబీరు పంథానికి చెందిన సాధువు ఎవరైనా అయి ఉండొచ్చని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. కావచ్చు. అలా సర్దితే తేదీ కుదురుతుంది కానీ, హరికథ ఆ పేరుతో చెప్పదలచుకున్న మాట చిన్నదైపోతుంది.

రామదాసు కథలో చిలక సంగతి చూడండి. రాముడు అంత దయగలవాడైతే భక్తుణ్ణి 12 ఏళ్లు చీకటి కొట్లో ఎందుకు ఉంచాడు? ఈ ప్రశ్న వినేవాళ్ల గొంతులో ముల్లులా ఉంటుంది. కథ జవాబు చెబుతుంది: పూర్వజన్మలో గోపన్న ఒక చిలకను 12 రోజులు పంజరంలో బంధించాడు, ఆ రోజులే ఇప్పుడు ఏళ్లయ్యాయి. ఇది చరిత్రలో ఖాళీని పూరించే కల్పన కాదు. నమ్మకంలో పడిన చిల్లును కుట్టే కల్పన.

గోపన్న సొంత గొంతు మాత్రం ఇంత సర్దుబాటుగా లేదు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం మొదలు ఎవరెవరికి ఏ నగ చేయించాడో లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవని రాముణ్ణే నిలదీస్తాడు. కథ ఓదారుస్తుంది, కీర్తన కొట్లాడుతుంది. రెండూ ఒకే పందిట్లో వినిపిస్తాయి.

వాదించుకునేవాళ్లు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు

చరిత్రకారులు, భక్తులు ఎదురెదురు జట్లని అనుకోవడం అలవాటైపోయింది. పాత రికార్డు వేరే చెబుతుంది. పునీతుల కథల్లో నిజమేదో, చేర్పేదో వేరుచేసే పనిని ఐరోపాలో గట్టిగా మొదలుపెట్టింది నాస్తికులు కాదు, బొలాండిస్టులు అనే జెసూట్ (ఒక కథోలిక సన్యాసి సంఘం) గురువులు. వాళ్ల సంపుటాలు 1643 నుంచి రావడం మొదలైంది. తమ సంస్థను ఏలీయా ప్రవక్తే మొదలుపెట్టాడన్న కార్మెలైట్ సన్యాసుల కథను వాళ్లు ప్రశ్నిస్తే, 1695లో స్పెయిన్ మతవిచారణ సంస్థ ఆ సంపుటాలను నిషేధించింది. వాళ్ల పరంపరలోనే 20వ శతాబ్దం మొదట్లో ఇప్పొలిత్ దెలెయే ఒక తేడా చూపించాడు: కథ తప్పని తేలినంత మాత్రాన పునీతుడు లేడని కాదు, కథ అందంగా ఉన్నంత మాత్రాన ఉన్నాడనీ కాదు. ఒక పునీతుడికి పాతకాలం నుంచీ పూజ జరిగిన చోటు, తేదీ దొరికితే అవి కథ కంటే బలమైన ఆధారాలని ఆయన అనేవాడు.

భక్తుల వైపు వాదన కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. మహిమను కల్పన అనడమే ఒక నమ్మకం, దేవుడు లోకంలో జోక్యం చేసుకోడన్న నమ్మకం, అని వాళ్లంటారు. ఆధారాల పద్ధతి ఆధారాలు మిగిలినవాళ్లకే న్యాయం చేస్తుందన్నది ఇంకో మాట. రాగిరేకులు చెక్కించే స్తోమత అన్నమయ్య కుటుంబానికి ఉంది. నందనార్‌కు ఎవరు చెక్కిస్తారు? ఆయనకు మిగిలింది పాటే. పాటను కొట్టేస్తే ఆయనే ఉండడు.

అయితే కథ ఎవరిని మింగేస్తుందో కూడా చూడాలి. బుద్ధుడి బోధ జోసఫత్‌లో పూర్తిగా మాయమైంది. నందనార్ మంటలోంచి జంధ్యంతో వచ్చాడు. వేమన వెటకారం చాలా సినిమాల్లో, బొమ్మల్లో గడ్డం వెనక దాగిపోయింది. ఇది కల్పన చేసిన నష్టం, తేదీలు తప్పడం కంటే పెద్ద నష్టం. ఇవాళ్టి సినిమాలో అన్నమయ్యకు ప్రేమ పాటలు పెడితే నాకు పెద్ద బాధ లేదు. ఆయన ‘బ్రహ్మమొకటే’ అని పాడిన మాటకు కథలో చోటు లేకపోతే మాత్రం బాధగా ఉంటుంది.

భద్రాచలం ముత్యాలు

రామోజీ, లక్ష్మోజీ పేర్లతో ఇద్దరు యువకులు అర్ధరాత్రి తానీషా పడకగదికి వచ్చి, గోపన్న బాకీ ఆరు లక్షల మాడలు లెక్కపెట్టి రసీదు తీసుకున్నారని కథ. రామమాడలని చూపే నాణేలు భద్రాచలం గుడిలో ఉన్నాయి. తానీషా దర్బారు వైపు నుంచి చూస్తే, గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్న ఆ రాజుకే మంత్రులు. ఖైదు, విడుదల వెనక దర్బారు లెక్కలు కూడా ఉండి ఉంటాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు, తానీషా మిగిలిన జీవితం దౌలతాబాదు కోటలో ఖైదీగా గడిపాడు. గోపన్నను బంధించినవాడే చివరికి బందీ అయ్యాడు. జనం కథ మాత్రం ఆయనను ఓడిన రాజుగా గుర్తుపెట్టుకోలేదు. రాముడి దర్శనం దొరికిన అదృష్టవంతుడిగా గుర్తుపెట్టుకుంది.

ఆ రాత్రి తర్వాత సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషానే మొదలుపెట్టాడని చెబుతారు. నిజాములు కొనసాగించారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలతో పాటు వెళతాయి. ప్రతి చైత్ర శుద్ధ నవమి నాడు అభిజిత్ లగ్నంలో ఆ తలంబ్రాలు సీతమ్మ మీద, రాముడి మీద పడతాయి. కల్యాణం అయ్యాక జనం వాటి కోసం బారులు తీరతారు. తమకందిన పొట్లంలో, పసుపు బియ్యం మధ్య ముత్యం కనిపిస్తే ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకుంటారు.